షకర్‌ఖేడా 1724: ఒకే పాదుషా పేరిట ఇద్దరు సుబేదార్ల యుద్ధం

1724 అక్టోబరు 11న బీరారు సుబాలో (సుబా అంటే మొఘల్ రాష్ట్రం, దాని పాలకుడు సుబేదారు) షకర్‌ఖేడా అనే ఊరి దగ్గర రెండు మొఘల్ సైన్యాలు తలపడ్డాయి. ఇద్దరు సేనానులూ తాము ఢిల్లీ పాదుషా మహమ్మద్ షా నౌకరులమనే చెప్పుకున్నారు. ఒకరు నిజాముల్ ముల్క్ మీర్ కమరుద్దీన్ ఖాన్. నిన్నమొన్నటి దాకా సామ్రాజ్యానికి వజీరు, దక్కన్‌లోని ఆరు సుబాలకూ సుబేదారు. రెండో వ్యక్తి ముబారిజ్ ఖాన్. పదేళ్లకు పైగా హైదరాబాద్ సుబాను ఏలుతున్నవాడు. ఆ రోజు ముగిసేసరికి ముబారిజ్ ఖాన్, అతని ఇద్దరు కొడుకులు శవాలై పడి ఉన్నారు.

మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతంతా ఒక్క వాక్యంలో తేలిపోతుంది: 1724లో నిజాం స్వతంత్రుడై అసఫ్‌జాహీ రాజ్యాన్ని స్థాపించాడు, అంతే. కానీ ఆ ఏడాది స్వాతంత్ర్యం ప్రకటించినవారెవరూ లేరు. మసీదుల్లో పాదుషా పేరిట ఖుత్బా (శుక్రవారపు ఉపన్యాసం) చదవడం ఆగలేదు, నాణేల మీద పాదుషా పేరు పోలేదు. ఇంకో చిత్రం ఏమిటంటే, చట్టం ప్రకారం చూస్తే ఆ రోజు తిరుగుబాటుదారు గెలిచినవాడే. ఓడినవాడి చేతిలోనే పాదుషా ఆజ్ఞ ఉంది. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే యుద్ధభూమి కంటే ముందు జమాబందీ (శిస్తు నిర్ణయం) లెక్కలు చూడాలి.

తేదీ గురించి ఒక మాట. కొన్ని పుస్తకాల్లో ఈ యుద్ధం అక్టోబరు 1 దరిదాపుల్లో జరిగినట్టు ఉంటుంది. అప్పటి ఇంగ్లిషువాళ్లు వాడిన పాత క్యాలెండరుకూ, ఇప్పుడు మనం వాడే క్యాలెండరుకూ 11 రోజుల తేడా ఉండేది. పారశీక చరిత్రల్లో అది హిజ్రీ 1137 మొహర్రం నెల. అన్నీ ఒకే రోజును చూపిస్తాయి.

సుబేదారు చేతులు ఎలా కట్టేసి ఉండేవి

ఔరంగజేబు 1687లో గోల్కొండను పట్టుకున్నాక దక్కన్‌లో మొఘలుల కింద ఆరు సుబాలు ఏర్పడ్డాయి: ఖాందేశ్, బీరారు, ఔరంగాబాద్, బీదర్, బీజాపూర్, హైదరాబాద్. ఏ సుబేదారూ తన సుబాకు రాజు కాకుండా చూడడానికి మొఘలులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. సైన్యం, శాంతిభద్రతలు సుబేదారు చేతిలో. శిస్తు, ఖజానా దివాను చేతిలో. ఆ దివానును పాదుషాయే విడిగా నియమిస్తాడు, అతను లెక్కలు చెప్పేది కూడా ఢిల్లీకే. కోటలు కిల్లేదార్ల చేతిలో, వాళ్లదీ పాదుషా నియామకమే. సైనికుల హాజరు, గుర్రాల ముద్రలు చూసేవాడు బక్షీ. వీటన్నిటి మీద వార్తలు రాసి పంపే వాకియా నవీసు. ఇవి చాలవన్నట్టు మూడు నాలుగేళ్లకోసారి బదిలీ.

కాబట్టి సుబేదారు తిరగబడాలంటే ముందు దివాను ఖజానా తాళం ఇవ్వాలి, కిల్లేదారు కోట తలుపు తెరవాలి. ఇద్దరూ ఒకేసారి ద్రోహం చేస్తే తప్ప అది కుదరదు. 1707లో ఔరంగజేబు చనిపోయేదాకా ఈ కట్టుబాటు కొద్దో గొప్పో నిలిచింది. ఆ తర్వాత 12 ఏళ్లలో సింహాసనం మీద ఎందరో మారారు. ఒక్క 1719లోనే ఫరూఖ్‌సియర్‌ను దించేశారు, ఇంకో ఇద్దరు ఎక్కి చనిపోయారు, చివరికి మహమ్మద్ షా వచ్చాడు. పాదుషాలను ఎక్కించి దించిన సయ్యద్ సోదరులనే ఇద్దరు దర్బారు ప్రముఖులకు సుబాల్లో తమ మనుషులు కావాలి. పనికొచ్చే మనిషి దొరికితే బదిలీ మాట ఎత్తేవారు కాదు. అతను ఎన్ని పదవులు పోగేసుకున్నా అడిగేవారు కాదు.

ఆ సందులో ఎదిగినవాడు ముబారిజ్ ఖాన్. ఫరూఖ్‌సియర్ కాలంలో హైదరాబాద్ సుబేదారీ దక్కింది. అంతకు కొన్నేళ్ల ముందే, 1700 నుంచి 1710 దాకా, సర్వాయి పాపన్న షాపూరు కోట నుంచి మొఘల్ అధికారులను ముప్పుతిప్పలు పెట్టాడు. ఓరుగల్లు దోపిడీతో ఆ పాలన ఎంత డొల్లో బయటపడింది. అలాంటి సుబాను ముబారిజ్ ఖాన్ చేతికిచ్చారు. అతను శిస్తు ఎగ్గొట్టే జమీందార్ల మీదికి ఏటా దండెత్తాడు, కోటలు ముట్టడించాడు, కొడుకులనూ బంధువులనూ కీలకమైన చోట్ల కూర్చోబెట్టాడు. మరాఠాల చౌత్ (శిస్తులో నాలుగో వంతు) వసూలుదార్లను చాలావరకు తరిమాడు. పన్నెండేళ్లలో ఏం తయారు చేశాడో సూటిగా చెప్పాలంటే, వసూలైన డబ్బు సుబాలోనే ఉండిపోయే ఒక యంత్రాంగాన్ని తయారు చేశాడు. తర్వాత నిజాం నడిపింది దీన్నే. తెలుగువాళ్ల చరిత్రలో ముబారిజ్ ఖాన్‌కు ఒక్క పేరా కూడా దక్కకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

లెక్కల్లో దక్కన్

మరాఠాలు సర్దేశ్‌ముఖీ (శిస్తులో పదో వంతు) లెక్క కట్టడానికి వాడుకున్న ఆరు సుబాల జమా (రావలసిన శిస్తు) అంకెలు మిగిలాయి. మొత్తం దాదాపు 18 కోట్ల 5 లక్షల రూపాయలు. అందులో బీజాపూర్ 7 కోట్ల 85 లక్షలు, హైదరాబాద్ 6 కోట్ల 48 లక్షలు. ఔరంగాబాద్ 1 కోటి 23 లక్షలు, బీరారు 1 కోటి 15 లక్షలు, బీదర్ 74 లక్షలు, ఖాందేశ్ 57 లక్షలు.

ఇవి కాగితం మీది అంకెలు, అంత డబ్బు ఎన్నడూ వసూలు కాలేదు. బీజాపూర్ పద్దులో మొఘల్ చెయ్యి సరిగా అందని కర్ణాటక ప్రాంతాలు కలిసి ఉన్నాయి. కానీ సుబాల మధ్య ఉన్న తేడా చూస్తే కథ అర్థమవుతుంది. నిజాం కూర్చున్న ఔరంగాబాద్, దానికి ఆసరాగా ఉన్న బీరారు, ఖాందేశ్ మూడూ కలిపినా 3 కోట్లు దాటవు. అవి కూడా మరాఠా గుర్రాలు ఏటా తొక్కే నేలలు. ఒక్క హైదరాబాద్ సుబా వాటికి రెట్టింపు. అందులో కృష్ణా గోదావరి డెల్టా పంటభూములున్నాయి, మచిలీపట్నం రేవుంది, వజ్రాల గనులున్నాయి. పైగా అక్కడ వసూలు చేసే యంత్రాంగం పనిచేస్తోంది.

ఆరు సుబాలకూ సుబేదారు అనిపించుకుని హైదరాబాద్ డబ్బు చేతికి రాకపోతే ఆ పదవి ఉత్త బిరుదే. ఈ సంగతి నిజాముకు తెలుసు, ముబారిజ్ ఖానుకూ తెలుసు. ఫర్మానా (పాదుషా ఆజ్ఞాపత్రం) ఎవరు రాసినా, రాయకపోయినా ఈ ఇద్దరూ ఏదో ఒక రోజు తేల్చుకోవాల్సిందే.

మరి ఫర్మానా ఎందుకు వచ్చింది? 1722 ఫిబ్రవరిలో నిజాం వజీరుగా బాధ్యత తీసుకున్నాడు. ఖాల్సా (నేరుగా పాదుషా ఖజానాకు చెందిన) భూముల శిస్తును గుత్తకు ఇవ్వడం మానాలన్నాడు. పదవుల కోసం నజరానాల పేరిట లంచాలు పుచ్చుకోవడం ఆపాలన్నాడు. సైన్యాన్ని నిజంగా పోషిస్తున్నవాళ్లకే జాగీర్లు ఉండాలన్నాడు, ముస్లిమేతరుల మీది జిజియా పన్ను మళ్లీ వేయాలన్నాడు. ఖాల్సా గుత్తల మీదా నజరానాల మీదా బతికే దర్బారీలకు ఇవి గొంతు మీద కత్తి. యువ పాదుషా వాళ్ల మాట విన్నాడు. 1723 డిసెంబరులో నిజాం వేటకని చెప్పి ఢిల్లీ విడిచి, చివరికి దక్కన్ దారి పట్టాడు. అతన్ని ఆపే సైన్యం ఢిల్లీ దగ్గర లేదు. ఆ సైన్యం ముబారిజ్ ఖాన్ దగ్గర ఉంది. అతని మామ ఇనాయతుల్లా ఖాన్ దర్బారులో పెద్ద ఉద్యోగి, ఉత్తరాలు ఆ దారిన నడిచాయి. నిజామును అడ్డుకో, దక్కన్ మొత్తానికి సుబేదారీ నీదే అన్నది వాటి సారాంశం.

గమనించాల్సింది ఒకటుంది. ఢిల్లీ నుంచి వచ్చింది కాగితమే. సైన్యం రాలేదు. సామ్రాజ్యం బలంగా ఉన్న రోజుల్లో ఫర్మానా వెనక ఖజానా ఉండేది, ఇంకో సుబా నుంచి కదిలే దళాలు ఉండేవి. 1724లో ఒక సుబేదారును తీసేయడానికి పాదుషాకు మిగిలిన ఒకే ఒక దారి, అతని మీదికి ఇంకో సుబేదారును ఎగదోయడం. ఆ దారిలో ఎవరు గెలిచినా పాదుషాకు ఒక సుబా తగ్గినట్టే. ఈ సంగతి దర్బారులో ఎవరూ ఆలోచించినట్టు కనబడదు.

ఉత్తరాలు, వానలు, మరాఠాలు

నిజాం 1724 వానాకాలంలో ఔరంగాబాద్ చేరాడు. ముబారిజ్ ఖాన్ అప్పటికి కోస్తా వైపు ఒక జమీందారు మీద దండెత్తి ఉన్నాడు. ఆ ముట్టడి వదిలి హైదరాబాద్ వచ్చి, సైన్యం కూర్చుకుని, ఔరంగాబాద్ దాకా 500 కిలోమీటర్లకు పైగా నడవాలి. మధ్యలో మంజీర, గోదావరి, వాటి ఉపనదులు. ఫిరంగులను ఎద్దులు లాగే సైన్యం ఎండు నేల మీదే రోజుకు 15 కిలోమీటర్లు దాటడం గగనం. దక్కన్ నల్లరేగడి తడిస్తే బండి చక్రం ఇరుసు దాకా దిగిపోతుంది. లంబాడీ బిడారుల ఎద్దులు గింజలు మోసుకొస్తేనే దండుకు తిండి. వాగులు పొంగితే బిడారు నిలిచిపోతుంది, గుర్రాలకు దాణా ఉండదు.

ఈ కాలమంతా నిజాం ఉత్తరాలు రాస్తూ ఉన్నాడు. ముసల్మానుల రక్తం చిందించవద్దు, మనలో మనకు పోరు ఎందుకు అని నెలల తరబడి నచ్చజెప్పాడు. మర్యాద కోసం రాసినవీ ఉండవచ్చు. ఫలితం మాత్రం అతనికి కావలసిన వ్యవధి. ఢిల్లీ నుంచి వచ్చిన దండు సేద తీరింది, ఫిరంగులు కుదురుకున్నాయి, అన్నిటినీ మించి మరాఠాల సంగతి తేలింది.

1719లో ఢిల్లీ సాహు మహారాజుకు ఇచ్చిన సనదుల (హక్కు పత్రాల) ప్రకారం ఆరు సుబాల శిస్తులో నాలుగో వంతు చౌత్‌గా, పదో వంతు సర్దేశ్‌ముఖీగా మరాఠాలకు చెందుతుంది. బదులుగా వాళ్లు 15,000 గుర్రపు దళంతో దక్కన్ సుబేదారుకు సాయపడాలి, ఏటా 10 లక్షలు పాదుషాకు పేష్కష్ (కప్పం) కట్టాలి. ముబారిజ్ ఖాన్ తన సుబాలో ఈ హక్కును ఒప్పుకోలేదు. నిజాముకూ ఇది ఇష్టం లేదు, కానీ ఒకేసారి ఇద్దరు శత్రువులను పెట్టుకునే మనిషి కాదు. 1724 మే నెలలోనే ధార్ దగ్గరి నాల్ఛాలో పేష్వా బాజీరావును కలిశాడు. నాలుగేళ్ల కిందట బాలాపూర్ యుద్ధంలో ఇవే మరాఠా దళాలు నిజాముకు ఎదురు నిలిచాయి. ఈసారి అతని పక్షాన కదిలాయి. బాజీరావు లెక్క కూడా తేలికే: ముబారిజ్ ఖాన్ గెలిస్తే చౌత్ పోతుంది, నిజాం గెలిస్తే బేరం ఆడుకోవచ్చు.

ముబారిజ్ ఖాన్ కూటమి ఇంకో రకం. అతని సొంత దండుకు తోడు బహదూర్ ఖాన్ పన్నీ వంటి దక్షిణాది పఠాన్ సర్దార్లు వచ్చారు. ధైర్యంలో వాళ్లకు ఎవరూ సాటి రారు. అయితే ఎవరి జెండా వారిది, ఎవరి మనుషులు వారి మాటే వింటారు. ఇలాంటి దండు ఎదురుదాడికి బాగుంటుంది. వారాల తరబడి ఆకలికీ వేధింపులకీ ఓర్చుకుని క్రమంగా నడవాలంటే కష్టపడుతుంది.

తప్పిన మలుపు

వానలు వెనకబట్టాక నిజాం ఔరంగాబాద్ విడిచి ఎదురు వెళ్లాడు. ముబారిజ్ ఖాన్ ముందు రెండు దారులున్నాయి. నేరుగా ఢీకొనడం ఒకటి. నిజామును పక్కన వదిలేసి, పూర్ణ నది దాటి, చుట్టు తిరిగి జఫర్‌నగర్ మీదుగా ఖాళీగా ఉన్న ఔరంగాబాద్‌ను పట్టుకోవడం రెండోది. ఖజానా, ఆయుధాగారం, పేరు ప్రతిష్ఠలు అక్కడే ఉన్నాయి కనుక రెండోది బాగానే అనిపిస్తుంది. అతను అదే ఎంచుకున్నాడు.

(ఈ వైపు పూర్ణ పేరుతో రెండు నదులున్నాయి. ఒకటి తాపీలో కలుస్తుంది, ఇంకోటి గోదావరిలో. షకర్‌ఖేడా పరిసరాలు రెండో పూర్ణ ఎగువ ప్రాంతానికి చెందినవి. పటం చూసేటప్పుడు ఇది పొరబడితే దండు నడక మొత్తం తలకిందులవుతుంది.)

ఇలా చుట్టు తిరగాలంటే శత్రువు కంటే వేగంగా కదలగలగాలి. బరువైన ఫిరంగులు, ఏనుగులు, బజారు, సామాను ఎద్దులు ఉన్న దండు ఆ పని చేయలేదు. దాని చుట్టూ మరాఠా తేలిక గుర్రాలు ముసురుకున్నాయి. మరాఠాలు ఎదురుపడి పోరాడరు. మేతకు వెళ్లినవాళ్లను నరుకుతారు, బిడారుల దారి మూస్తారు, వెనకబడిన బండ్లను దోచుకుంటారు. రోజూ దండు అంచుల్లో కొందరు తగ్గుతారు, గుర్రాలు చిక్కుతాయి, నడక ఇంకా మందగిస్తుంది. నదికి ఇవతల ఎవరికీ తెలియకుండా జారుకోవాలనుకున్న సైన్యం ఎక్కడ దిగిందో నిజాముకు ఎప్పటికప్పుడు కబురు అందుతూనే ఉంది. పైగా ఈ నడక అంతా బీరారులో. ఆ సుబా నిజాం దగ్గరి బంధువు ఇవజ్ ఖాన్ చేతిలో ఉంది. ఊళ్లు, గింజలు, దారి చూపేవాళ్లు అన్నీ అవతలి పక్షానివే. నా అంచనాలో యుద్ధం ఇక్కడే తేలిపోయింది. పూర్ణ దాటిన నాడు ముబారిజ్ ఖాన్ హైదరాబాద్ ఇచ్చిన బలాన్నంతా వెనక వదిలేసుకున్నాడు.

నిజాం తిరిగి వచ్చి షకర్‌ఖేడా దగ్గర అడ్డం పడ్డాడు. అప్పటి మొఘల్ పద్ధతిలో ముందు వరసలో ఫిరంగులను గొలుసులతో కట్టి నిలుపుతారు. వాటి సందుల్లో ఒంటెల మీది చిన్న తుపాకులు, వెనక గుర్రపు దళాలు, నడుమ సేనాని ఏనుగు. ఈ వరస మీదికి గుర్రాలు దూకాలంటే ఫిరంగి గుళ్ల మధ్య నుంచి రావాలి. అలసిన, పస్తులున్న గుర్రాలతో ఆ కొద్ది దూరం దాటడమే అసలు చిక్కు. ముబారిజ్ ఖాన్ దండులోని పఠాన్లు అయినా దూకారు. ఫిరంగుల్లో నిజాముదే పైచెయ్యి. బహదూర్ ఖాన్ పన్నీ కూలాడు. సర్దారు పడగానే అతని మనుషులు నిలవరు. జీతం, జాగీరు, నమ్మకం అన్నీ ఆ ఒక్క మనిషితో ముడిపడి ఉంటాయి మరి.

సేనాని ఏనుగు మీదే ఎందుకుండాలి అని ఈ రోజు చదివేవాళ్లకు అనుమానం వస్తుంది. అంబారీలో ఉన్నవాడు శత్రువు తుపాకీకి చక్కని గురి. కానీ పది మైళ్ల నుంచి కబురు పంపే సాధనం లేని సైన్యానికి, ఆ ఎత్తైన అంబారీయే యుద్ధం ఇంకా నడుస్తోందనడానికి గుర్తు. 1658లో సామూగఢ్ దగ్గర దారా షుకో ఏనుగు దిగి గుర్రం ఎక్కాడు. అంబారీ ఖాళీగా కనబడగానే అతని సైన్యం చెదిరిపోయింది. ముబారిజ్ ఖాన్‌కు ఆ సంగతి బాగా తెలుసు. మావటి కూలిపోతే తానే ముందుకు వచ్చి ఏనుగును తోలాడనీ, నెత్తుటితో తడిసిన తన బట్టనే కఫన్‌గా (శవానికి కప్పే బట్టగా) చుట్టుకున్నాడనీ ఆనాటి వృత్తాంతాలు చెబుతాయి. చివరికి గాయాలతో అక్కడే పోయాడు. కొడుకుల్లో ఇద్దరు చచ్చిపోగా ఇద్దరు గాయాలతో పట్టుబడ్డారు.

గెలిచాక ఏం చేశాడు

ఆ తర్వాతి పనుల్లోనే నిజాం గడుసుదనం కనబడుతుంది. ముబారిజ్ ఖాన్ తలను ఢిల్లీకి పంపి, పాదుషా వారి శత్రువును పాదుషా వారి సేవకుడు జయించాడని శుభాకాంక్షలు చెప్పాడు. ఆ 'శత్రువు' చేతిలో పాదుషా ఆజ్ఞే ఉండిందని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరూ బయటికి అనలేదు. 1725లో ఢిల్లీ నుంచి ఫర్మానా వచ్చింది: దక్కన్ సుబేదారీ ఖాయం, దానితో అసఫ్ జా బిరుదు. మాల్వా, గుజరాత్ మాత్రం అతని చేతిలో నుంచి తీసేశారు. గిరిధర్ బహదూర్‌కు ఒకటి, సర్బులంద్ ఖాన్‌కు ఇంకోటి. నిజాం మారు మాట్లాడలేదు. అతనికి కావలసింది హైదరాబాద్.

హైదరాబాద్ కూడా అంత సులువుగా రాలేదు. తండ్రి చనిపోయిన కబురు విని ముబారిజ్ ఖాన్ కొడుకు ఖ్వాజా అహమద్ ఖాన్ గోల్కొండ కోటలోకి వెళ్లి తలుపులు బిగించుకున్నాడు. గోల్కొండ ముట్టడి ఎలాంటిదో నిజాముకు ఇంట్లో పాఠం ఉంది. 1687లో అదే కోట ముందు ఫిరంగి గుండు తగిలి అతని తాత ఖ్వాజా ఆబిద్ చనిపోయాడు. ఔరంగజేబు అంతటివాడు ఎనిమిది నెలలు కూర్చున్నా చివరికి లోపలివాళ్లు దిడ్డి తెరిస్తేనే లోనికి వెళ్లగలిగాడు. నిజాం ముట్టడి జోలికి పోలేదు. బేరం పెట్టి, షహామత్ ఖాన్ బిరుదు, జాగీరు ఇచ్చి తాళాలు తీసుకున్నాడు. అది ముబారిజ్ ఖాన్‌కు ఒకప్పుడు ఉన్న బిరుదే. గాయపడిన కొడుకులకూ వైద్యం చేయించాడు. పాత యంత్రాంగాన్ని విరగ్గొట్టకుండా అందులోని మనుషులను తన వైపు తిప్పుకోవడం వల్ల శిస్తు వసూలు ఆగలేదు. కోస్తా సర్కార్లకు అన్వరుద్దీన్ ఖాన్‌ను ఫౌజ్‌దారుగా పంపాడు. తర్వాత ఆర్కాటు నవాబు అయినది ఇతనే.

బాజీరావుకు ఏడు వేల మన్సబు (మొఘల్ కొలువులో హోదా), బహుమానాలు దక్కాయి. నిజాం మాత్రం హైదరాబాద్ చౌత్‌ను మరాఠా వసూలుదార్లు ఊళ్లలో తిరిగి దండుకోకుండా, తన ఖజానా నుంచి నగదుగా ఇచ్చే ఏర్పాటుకు ప్రయత్నించాడు. రైతుకూ మరాఠాకూ మధ్య తన గుమాస్తా ఉండాలన్నది అతని పట్టు. ముబారిజ్ ఖాన్ కత్తితో ఆపినదాన్ని ఇతను లెక్కల్లో ఆపబోయాడు. నాలుగేళ్లు తిరక్కుండానే పాత స్నేహితులు కత్తులు దూశారు. 1728 ఫిబ్రవరిలో పాల్‌ఖేడ్ దగ్గర బాజీరావు నిజామును నీళ్లూ గింజలూ అందని చోటికి ఈడ్చి, ఫిరంగులు వెనకబడిన వేళ చుట్టుముట్టాడు. మార్చిలో ముంగీ షేవ్‌గావ్ ఒప్పందంలో చౌత్ హక్కు ఒప్పుకోక తప్పలేదు. షకర్‌ఖేడాకు ముందు ముబారిజ్ ఖాన్ పడిన అవస్థే ఇది. ఈసారి పడ్డవాడు నిజాం.

గెలిచిన ఊరికి నిజాం ఫతేఖేడా అని పేరు పెట్టాడు. ఆ పేరు జనం నోట నిలవలేదు. ఇప్పుడది మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలో, శివాజీ తల్లి జిజాబాయి పుట్టిన సింద్‌ఖేడ్ రాజా తాలూకాలోని సాఖర్‌ఖేర్డా. హైదరాబాద్‌లో మాత్రం ఓడినవాడి గుర్తు మిగిలింది. నగరం చుట్టూ రాతిగోడ కట్టడం మొదలుపెట్టింది ముబారిజ్ ఖాన్, పూర్తి చేసింది అసఫ్‌జాహీలు. 1908 మూసీ వరదకు కొంత, ఆ తర్వాతి కూల్చివేతలకు కొంత పోయాక, దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా నిలిచి ఉన్నాయి. వాటి కింద నుంచి రోజూ నడిచేవాళ్లు దాన్ని నిజాముల గోడ అనే అంటారు.